ఇంట్లో కట్టే చిన్న చెక్క తెరచాప పడవ: ఎక్కడ పుచ్చుతుంది, ఎందుకు

చెక్క పడవ కొంటే ఏటా ఒక నెల గీకుడికీ రంగులకూ పోతుందని ఒక మాట. ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు రెసిన్) పూసిన పడవను ఇరవై ఏళ్లు ముట్టుకోనక్కర్లేదని ఇంకో మాట. షెడ్డులోనో కారు పార్కింగులోనో పదడుగుల తెరచాప పడవ కట్టుకుందామనుకునేవారికి ఈ రెండూ వినిపిస్తాయి. రెండింట్లోనూ కొంత నిజముంది. కాకపోతే అవి రెండు వేరు వేరు జాతుల పడవల గురించి చెప్పిన మాటలు. పాతకాలపు పలకల పడవ నీళ్లు తాగి బిగుస్తుంది. ప్లైవుడ్, ఎపాక్సీలతో కట్టే పడవ చుక్క నీరు తాగకుండా ఉన్నన్నాళ్లే గట్టిగా ఉంటుంది. ఒకదానికి పనికొచ్చే మరమ్మతు రెండోదాన్ని పాడుచేస్తుంది.

క్లుప్తంగా

చిన్న ప్లైవుడ్ పడవకు ప్రధాన శత్రువు లోపల నిలిచే వాననీరు. ఉప్పునీటితో అంత ముప్పు లేదు. ఆ నీరు చెక్కలోకి దిగే దారులు కొన్నే: కోసిన అంచులు, స్క్రూ రంధ్రాలు, డాగర్‌బోర్డ్ పెట్టె (పడవ పక్కకు జారకుండా నీటిలోకి దించే పలక దూరే పెట్టె), మూసి ఉంచిన గాలి అరలు. వీటిలో చాలావాటిని కట్టేటప్పుడే మూసేయవచ్చు, తర్వాత మూయడం కష్టం. అందుకే నిర్వహణ ఖర్చులో ఎక్కువ భాగం కట్టే రోజుల్లోనే తేలిపోతుంది.

రెండు జాతుల పడవలు

కాకినాడ దగ్గర తాళ్లరేవు వైపు వడ్రంగులు కట్టేవి పలకల పడవలు. పలక పక్కన పలక చేర్చి, లోపలి వంపు కట్టెలకు బిగించి, సందుల్లో నార గానీ పత్తి గానీ కూరతారు. నీటిలో దింపిన తొలి గంటల్లో ఇలాంటి పడవలోకి నీళ్లు ఊరడం మామూలే. చెక్క నీరు పీల్చి అడ్డంగా ఉబ్బేకొద్దీ సందులు బిగుసుకుని ఊట ఆగిపోతుంది. దీన్నే ఆర్నెల్లు గట్టు మీద ఎండబెట్టి, విచ్చుకున్న సందుల్లో రాయిలా గట్టిపడే లప్పం నింపితే ఏమవుతుంది? మళ్లీ నీటిలో పడ్డాక ఉబ్బే పలకకు చోటు దొరకదు. ఆ తోపుడంతా మేకుల మీదా వంపు కట్టెల మీదా పడుతుంది, చివరికి అవే విరుగుతాయి. కారుతోంది కదా అని బయట ఫైబర్‌గ్లాస్ చుట్టించినా ఇదే కథ. లోపలి పలకలు కదులుతూనే ఉంటాయి, పైపొర ఊడుతుంది, ఊడిన పొరకూ చెక్కకూ మధ్య నీరు నిలుస్తుంది.

కోరమాండల్ తీరంలో ఒకప్పుడు విరివిగా తిరిగిన మసూలా పడవది మరో తర్కం. దాని పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. అలల దెబ్బకు పడవ ఒళ్లంతా కాస్త వంగి మళ్లీ సర్దుకోవాలి. మేకులైతే ఆ కదలికకు వదులైపోతాయి.

ప్లైవుడ్ పడవను కూడా కుడతారు, అయితే అక్కడ కుట్టు తాత్కాలికం. ప్లైవుడ్‌లో చెక్క పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కనుక తేమ మారినా దాని వెడల్పు దాదాపు మారదు. కదలని చెక్క మీదే గట్టి ఎపాక్సీ పొర నిలుస్తుంది. ఆదివారం కారు మీద తెచ్చి, సాయంత్రానికి ఇంటికి తీసుకెళ్లే పడవకు ఇదే తగిన పద్ధతి. రోజుల తరబడి గట్టున ఉన్నా సందులు విచ్చుకోవు.

మిర్రర్ తెచ్చిన మార్పు

ఇంట్లో పడవ కట్టడం సామాన్యుడి పని కావడానికి మూలం ఎపాక్సీ కంటే ముందటిది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం గీసిన ఆప్టిమిస్ట్ పడవ ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీట్‌కు సరిపోయేలా ఉంటుంది. దాని చదునైన ముక్కుకూ సుమారు 2.3 మీటర్ల పొడవుకూ కారణం అదే. ఇవాళ హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నేర్చుకునేది ఈ తరగతి పడవ మీదే, కాకపోతే ఇప్పుడవి ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌తో వస్తున్నాయి.

అసలు మలుపు 1963లో లండన్ బోట్ షోలో కనిపించిన మిర్రర్ డింగీ (చిన్న తెరచాప పడవ). డైలీ మిర్రర్ పత్రిక అండతో వచ్చింది కనుక ఆ పేరు, ఆ ఎర్ర తెరచాపలు. పడవ రూపశిల్పి జాక్ హోల్ట్. కట్టే పద్ధతి టీవీలో ఇంటి మరమ్మతులు చూపించే బ్యారీ బక్నెల్‌ది. పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.39 మీటర్లు, ఖాళీ పడవ బరువు 45.5 కిలోలు. విడిభాగాల కిట్ తొలి ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. అలాంటివి 70,000కు పైగా తయారయ్యాయి. కొయ్యలన్నీ పడవ పొడవులోనే ఇమిడేలా గంటర్ అమరిక (పొట్టి నిలువు కొయ్య, దాని పైకి సాగే రెండో కొయ్య) పెట్టారు. కారు పైకప్పు మీద వెళ్లాల్సిన పడవకు అది చిన్న సౌకర్యం కాదు.

బక్నెల్ పద్ధతిలో అచ్చు అక్కర్లేదు. కోసిన పలకల అంచులను రాగి తీగతో కుట్టి దగ్గరికి లాగితే, పలకల వంపే పడవ ఆకారాన్ని తెస్తుంది. ఆ కుట్టు మీద గాజు నార పట్టీ, రెసిన్ పడ్డాక తీగల పని అయిపోయినట్టే. అప్పట్లో వాడింది పాలియెస్టర్ రెసిన్. ఇప్పుడు ఆ చోటు ఎపాక్సీ తీసుకుంది. పాలియెస్టర్ చెక్కను పట్టుకోవడం తక్కువ, ఏళ్లు గడిచాక పట్టీ అంచులు లేస్తాయి. ఎపాక్సీ చెక్క పీచులోకి ఇంకి పట్టుకుంటుంది.

ప్లైవుడ్ మీది ముద్ర ఎంతవరకు నమ్మాలి

మన దుకాణాల్లో ‘మెరైన్ ప్లై’ అంటే వంటగది అరలకు వాడే సరుకు కూడా చూపిస్తారు. అడగాల్సింది భారతీయ ప్రమాణం ఐఎస్ 710 ముద్ర. ఈ ప్రమాణం ప్రకారం ముక్కను 72 గంటలు మరిగించినా పొరల మధ్య జిగురు విడవకూడదు, చెక్క పొరలకు పురుగు, పుచ్చు పట్టని మందు పట్టించాలి. ఐఎస్ 303 సరుకు మామూలు వాడకానికి. దానితో కట్టినా పడవ తేలుతుంది, కానీ ఆ పొదుపు రెండు మూడు వానాకాలాల్లో తేలిపోతుంది. విదేశీ నక్షాల్లో కనిపించే బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1088 సరుకులో పొరల మధ్య ఖాళీల మీద ఆంక్షలు గట్టిగా ఉంటాయి. అయితే అందులో ఎక్కువగా వాడే ఒకుమె కలపకు సొంతంగా పుచ్చును తట్టుకునే శక్తి తక్కువ. అంటే జిగురు ఎంత మంచిదైనా చెక్క పుచ్చవచ్చు.

బరువు తేడా కూడా లెక్కలోకి తీసుకోవాలి. 8×4 అడుగుల, 6 మిల్లీమీటర్ల షీట్ ఒకుమెదైతే 8 కిలోలకు దగ్గరలో, గర్జన్ కలపదైతే 12 కిలోలకు దగ్గరలో తూగుతుంది. నాలుగు షీట్ల పడవలో ఆ తేడా 15 కిలోలు దాటుతుంది. ఇద్దరు సులువుగా ఎత్తే పడవ కాస్తా ముగ్గురు కావాల్సిన పడవ అవుతుంది.

కొనే ముందు షీట్ అంచును వెలుతురులో చూడాలి. మధ్య పొరల్లో కన్నాలు కనిపిస్తే వద్దు. ఆ ఖాళీ లోపల సొరంగంలా సాగుతుంది. ఒకచోట దూరిన నీరు మీటరు దూరంలో పుచ్చు పుట్టిస్తుంది, వంచేటప్పుడు షీట్ విరిగేదీ సరిగ్గా అక్కడే. 6 మిల్లీమీటర్లలో మూడు పొరలున్న దానికంటే ఐదు పొరలున్నది మేలు. ముద్ర మీద అనుమానముంటే రెండంగుళాల ముక్క కోసి గంటసేపు మరిగించి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ మరిగించాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేశాక ఉలి మొన దూర్చి చూస్తే పొరలు తేలిగ్గా విడిపోకూడదు. చెక్క పీచు చిరిగితే పర్వాలేదు, జిగురు గీత దగ్గర నున్నగా విడిపోతే ఆ సరుకు వదిలేయాలి.

కుట్టడం, సరిచూడడం, మూల నింపడం

కుడి, ఎడమ పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి కలిపే కోయాలి, కలిపే చిత్రిక పట్టాలి. రెండూ ఒకేలా ఉంటే చాలు, నక్షా కొలతకు రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా పడవకు ఏమీ కాదు. రెండు షీట్ల పొడవు అతకాల్సి వస్తే అంచులను మందానికి ఎనిమిది రెట్ల వాలుతో చెక్కి అతుకుతారు. 6 మిల్లీమీటర్లకు 48 మిల్లీమీటర్ల వాలు అన్నమాట. వెనుక పట్టీ వేసి అతకడం సులువు, కానీ ఆ చోట పలక వంగక వంపులో మొండి భాగం కనిపిస్తుంది.

అంచుకు 8–10 మిల్లీమీటర్ల లోపల, 100–150 మిల్లీమీటర్లకు ఒక జత చొప్పున రంధ్రాలు. ముక్కు దగ్గర వంపు ఎక్కువ కనుక అక్కడ దగ్గర దగ్గరగా. సుమారు 1.2 మిల్లీమీటర్ల రాగి తీగ గానీ ప్లాస్టిక్ కేబుల్ టై గానీ వాడవచ్చు. మొదట అన్ని కుట్లూ వదులుగా వేసి, మధ్య నుంచి రెండు కొసల వైపు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవాలి. ఒక చివర పూర్తిగా బిగించి రెండో చివరికి వెళితే పలకల పొడవు తేడా అంతా అక్కడ పోగై అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి.

ఇక్కడ తొందరపడితే తర్వాత దిద్దుకునే దారి లేదు. ముక్కు మధ్య బిందువు నుంచి వెనుక పలక రెండు మూలలకూ దూరం కొలవాలి, రెండూ సమానంగా రావాలి. పై అంచుల మీద ముందొకటి, వెనుకొకటి తిన్నని బద్దలు అడ్డంగా పెట్టి, వెనుక నుంచి ఒంటికన్నుతో చూస్తే అవి సమాంతరంగా కనబడాలి. ఒకటి వాలితే పడవ మెలి తిరిగిందన్నమాట. ఒక మూల కింద చెక్క ముక్క పెట్టి ఎత్తితే సరిపోతుంది. మెలి ఉండగానే ఎపాక్సీ గట్టిపడితే ఆ పడవ జీవితాంతం ఒక పక్కకు లాగుతుంది.

తర్వాత లోపలి మూలలు. మొదట పల్చటి ఎపాక్సీని చెక్కకు పట్టించి, ఆ తర్వాతే సన్నటి చెక్క పొడి కలిపి, గరిటె నుంచి జారనంత చిక్కగా చేసిన ముద్దను నింపాలి. తొలి పూత మానేస్తే పొడి చెక్క ముద్దలోని రెసిన్ పీల్చేసుకుంటుంది. అతుకు పైకి బాగున్నట్టే ఉంటుంది కానీ లోపల పొడిబారి ఉంటుంది. ముద్దను 20–25 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా కోసిన ప్లాస్టిక్ ముక్కతో లాగాలి. ముద్ద ఇంకా జిగటగా ఉండగానే దాని మీద 75–100 మిల్లీమీటర్ల గాజు టేపు పరచి తడపాలి. మర్నాటికి వాయిదా వేస్తే ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ మొదలెట్టాలి. మిగిలిపోయిన రాగి తీగ రాకపోతే సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి లాగితే వచ్చేస్తుంది.

వడ్రంగి తెల్ల జిగురుకు అలవాటుపడ్డ చేయి ఇక్కడ ఒక పొరపాటు చేస్తుంది. తెల్ల జిగురు అతుకును ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది. ఎపాక్సీ అతుకును అలా బిగిస్తే రెసిన్ అంతా బయటికి కక్కేస్తుంది. రెండు ముక్కలూ తగిలి, అంచున సన్నగా రెసిన్ తేలితే చాలు.

మన ఎండలో ఎపాక్సీ

విదేశీ సూచనలు ఎక్కువగా 18–22 డిగ్రీల గదిని ఊహించుకుని రాసినవి. స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకూ గట్టిపడే సమయం సగానికి తగ్గుతుంది. అరగంట ఉంటుందన్న మిశ్రమం మే నెల మధ్యాహ్నం పది నిమిషాలు కూడా నిలవదు. పైగా గ్లాసులో లోతుగా ఉన్న ఎపాక్సీ తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోయాలి, ఒక్కసారికి 200 గ్రాములు మించి కలపకూడదు, నెమ్మదిగా గట్టిపరిచే హార్డెనర్ (రెసిన్‌లో కలిపే రెండో ద్రవం) తీసుకోవాలి.

పాలియెస్టర్‌లో కేటలిస్ట్ కాస్త తగ్గించో పెంచో వేగాన్ని మార్చుకోవచ్చు. ఎపాక్సీలో ఆ వెసులుబాటు లేదు. రెసిన్ అణువులకు ఇన్ని హార్డెనర్ అణువులని లెక్క. ఎక్కువ పోసినంత మాత్రాన తొందరగా గట్టిపడదు, మిగిలిపోయిన హార్డెనర్ లోపల మెత్తదనంగా మిగులుతుంది. కిచెన్ తూకంతో గ్రాముల్లో తూచడమే క్షేమం. అయితే డబ్బా మీద నిష్పత్తి బరువుకో పరిమాణానికో ముందు చూసుకోవాలి, రెండూ ఒకటి కావు.

పూతకు వేళ కూడా ముఖ్యమే. ఉదయం పూస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్క రంధ్రాల్లో గాలి వ్యాకోచించి పూతలో బుడగలై తేలుతుంది. ఉష్ణోగ్రత దిగడం మొదలయ్యే నాలుగైదు గంటల వేళ పూస్తే గాలి కుంచించుకుంటూ రెసిన్‌ను లోపలికి లాగుతుంది. హైదరాబాద్ వేసవికి ఇది చక్కగా నప్పుతుంది. విశాఖ, కాకినాడల్లో మాత్రం రాత్రి తేమకు హార్డెనర్‌లోని అమీన్ అనే రసాయనం గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మైనంలాంటి జిడ్డు పొర కడుతుంది. దాని మీద వేసిన పూత గానీ రంగు గానీ ఊడిపోతుంది. ఆ జిడ్డు నీటిలో కరుగుతుంది. నీళ్లు, పీచుతో కడిగి, ఆరాక ఉప్పుకాగితం పట్టాలి. కడగకుండా ఉప్పుకాగితం రుద్దితే జిడ్డు గీతల్లోకి మరింత దిగుతుంది.

ఎంత రెసిన్ కావాలి? 5 చదరపు మీటర్ల బయటి భాగానికి చదరపు మీటరుకు 200 గ్రాములుండే గాజు వస్త్రం వేస్తే వస్త్రం బరువు కిలో. దాన్ని తడపడానికి సుమారు మరో కిలో, నేత కనబడకుండా నింపడానికి ఇంకో కిలో, కిలోన్నర. లోపల మూడు పూతలకు రెండు కిలోలు, మూలలకూ టేపులకూ కిలోన్నర. వృథాతో కలిపి ఏడు కిలోలు అనుకోవచ్చు. చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయరాదు. ఎపాక్సీ అలర్జీ ఒకసారి వచ్చిందంటే పోదు. చేతికి అంటితే సబ్బు నీళ్లు వాడాలి, థిన్నర్ దాన్ని చర్మంలోకి మరింత పంపిస్తుంది.

నీరు ఎక్కడ దూరుతుంది

పుచ్చు శిలీంధ్రాలకు కావాల్సినవి చెక్క, గాలి, వెచ్చదనం, తేమ. మొదటి మూడింటినీ తప్పించలేం. చెక్కలో తేమ బరువులో 20 శాతం లోపు ఉంటే పుచ్చు మొదలవదు, కాబట్టి పట్టు అక్కడే. ఉప్పు ఈ శిలీంధ్రాలకు గిట్టదు. పడవ అడుగు బయట శుభ్రంగా ఉండి, లోపల డెక్ కింది మూలల్లో పుచ్చు కనబడడానికి కారణం అదే: పై నుంచి పడేది మంచినీరు. సముద్రంలోనే కట్టేసి ఉంచే పడవకు చెక్కను తొలిచే టెరెడో బెడద వేరే ఉంది, పురుగులా కనిపించే ఆ జీవి నిజానికి నత్తల బంధువు. ఇంటికి తెచ్చే పడవకు దానితో పని లేదు.

అన్నిటికంటే ఎక్కువగా కారేది డాగర్‌బోర్డ్ పెట్టె. పడవ మధ్యలో అడుగును చీల్చి నిలబెట్టిన సన్నటి పెట్టె అది. అమర్చాక దాని లోపలికి కుంచె పోదు, చేయి పోదు. కనుక రెండు పక్కలనూ అతికించకముందే లోపలి ముఖాలకు గాజు వస్త్రం, మూడు పూతల ఎపాక్సీ పట్టించి ఉంచాలి. అడుగున పలక కోసిన చోట ప్లైవుడ్ అంచు పచ్చిగా తేలి ఉంటుంది. డాగర్‌బోర్డ్ ప్రతిసారీ రాసుకునేదీ అక్కడే. పూత అరిగితే నీరు నేరుగా పొరల మధ్యకు వెళుతుంది. ఆ అంచును ప్లైవుడ్‌గా వదలకుండా 5 మిల్లీమీటర్లు వెనక్కి చెక్కి, చిక్కటి ఎపాక్సీతో నింపి సాపు చేస్తే రాపిడి చెక్కను తాకదు.

స్క్రూ రంధ్రాలకూ ఇదే మందు. 5 మిల్లీమీటర్ల స్క్రూకు 8 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులో సరైన రంధ్రం వేయాలి. స్క్రూ చుట్టూ చెక్క బదులు రెసిన్ ఉంటుంది. ఉప్పునీటిలో ఇత్తడి స్క్రూలోని జింకు కరిగిపోయి గుల్ల మిగులుతుంది. సిలికాన్ కంచు, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ నిలుస్తాయి. స్టెయిన్‌లెస్ కూడా గాలి తగలని తడి చెక్కలో పగుళ్ల వెంట తుప్పు పడుతుందని మరవకూడదు.

గాలి అరలది విచిత్రమైన సమస్య. పడవ బోల్తాపడ్డా తేలేందుకు ముందూ పక్కలా మూసిన అరలు ఉంటాయి. మూత బిగించి ఎండలో వదిలితే లోపలి గాలి 25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కవచ్చు. పూర్తిగా మూసుకుపోయిన అరలో ఆ ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 1,200 కిలోలు. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న డెక్ ముక్క మీద 300 కిలోలన్నమాట. అతుకు ఎక్కడో సన్నగా విడుతుంది. వేడెక్కిన పడవను చల్లటి నీటిలో దించగానే గాలి కుంచించుకుని ఆ చీలిక గుండా నీటిని లోపలికి పీలుస్తుంది. గట్టు మీద ఉన్నంతసేపూ మూతలు తీసి ఉంచడమే దీనికి విరుగుడు. అరలో ఫోమ్ కూరితే భద్రమనుకుంటారు కానీ, దూరిన నీటిని అది ఆరనివ్వదు.

ఏటా చేయాల్సింది

ఎపాక్సీ ఎండకు ఆగదు. అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కి, సున్నంలా రాలుతుంది, కనుక పైన రంగు గానీ ఆ కిరణాలను ఆపే వార్నిష్ గానీ ఉండి తీరాలి. రంగు తెల్లదో లేతదో అయితే మేలు. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ 50–60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ముదురు నీలం పడవ మన ఎండలో ఆ వేడిని చేరుతుంది. కొన్ని ఎనామిల్ పెయింట్లు కొత్త ఎపాక్సీ మీద వారాల తరబడి ఆరవు, ముందు చిన్న చోట వేసి చూడాలి. మత్స్యకారుల పడవలకు పట్టించే జీడి నూనె, చేప నూనె మంచి రక్షణే గానీ, వాటిని పీల్చిన చెక్కకు తర్వాత ఎపాక్సీ అంటదు. ఏదో ఒక దారి ముందే ఎంచుకోవాలి.

వానాకాలంలో పడవను బోర్లించి, నేలకు అడుగు ఎత్తున రెండు బల్లల మీద పెట్టాలి. ప్లాస్టిక్ పట్టాను ఒంటికి అంటేలా చుడితే లోపలి తేమ బయటికి పోదు. పట్టాకూ పడవకూ మధ్య జానెడు ఖాళీ ఉండాలి, రెండు చివర్లూ తెరిచి ఉండాలి.

పుచ్చును పసిగట్టడానికి చవకైన పరికరం తూకం. కట్టి ముగించిన రోజు పడవ బరువు రాసిపెట్టుకుని ఏటా సీజన్ మొదట్లో తూస్తే, రెండు మూడు కిలోలు పెరగడం అంటే ఎక్కడో చెక్క నీళ్లు తాగుతోందన్నమాట. అప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో పలకల వెంట కొట్టుకుంటూ పోతే గట్టి చెక్క టంగుమంటుంది, పుచ్చింది మొద్దుగా పలుకుతుంది. వెనుక పలక అడుగు మూలలు, తెరచాప కొయ్య దిగే చోటు, డాగర్‌బోర్డ్ పెట్టె చుట్టూ ముందు చూడాలి.

పుచ్చిన చోట పల్చటి రెసిన్ పోసి గట్టిపరచడం చాలామంది చేసే పని. తడి చెక్కలోకి రెసిన్ దిగదు. పైన గట్టి పెచ్చు కట్టి కింద పుచ్చు సాగుతూనే ఉంటుంది. గట్టి చెక్క తగిలేదాకా, అక్కడి నుంచి మరో రెండంగుళాలు కోసేసి, ఫ్యాను పెట్టి తూకం పాత అంకెకు దిగేదాకా ఆరబెట్టి, ఎనిమిది రెట్ల వాలుతో కొత్త ముక్క అతకాలి. 1960, 70ల నాటి మిర్రర్లను ఇవాళ బాగుచేసేవారు పాత పాలియెస్టర్ టేపును హీట్ గన్‌తో వేడిచేసి ఊడదీసి, చెక్క ఆరాక ఎపాక్సీతో కొత్త టేపు వేస్తారు. గట్టిపడిన పాలియెస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటుంది కనుక బాగా అంటుకుని ఉన్న చోట పాతదాన్ని అలాగే వదలవచ్చు. ఎపాక్సీ మీద పాలియెస్టర్ మాత్రం సరిగా పట్టదు. కాబట్టి ఏ డబ్బాతో మొదలుపెట్టిన పడవో తెలియనప్పుడు మరమ్మతుకు ఎపాక్సీయే కొనాలి.